పుస్తకములకు మార్కులు వేయు సహోదరులకు



కోతల పండుగ జరిగిన మరుసటి బుధవారము రాత్రి మా పఠన మందిరములో యువజనులు నలుగురు లేచి ఒక ప్రతిపాదన చేసిరి. మా బీరువాలో పుస్తకములు 140 ఉన్నవి. ప్రతి పుస్తకము వెనుక అట్టలోపల ఒక కాగితము అంటింపవలెననియు, చదివినవారు దానిమీద ఒకటి మొదలు అయిదు వరకు నక్షత్రములు వేయవలెననియు, నెల చివర సరాసరి కట్టి బీరువా తలుపునకు పట్టిక వ్రేలాడదీయవలెననియు వారి కోరిక. అయిదు నక్షత్రముల పుస్తకము పై వరుసలో నుండును. ఒక్క నక్షత్రముది అడుగు వరుసలోనికి దిగును. "అయ్యగారూ, ఫోనులో చెప్పులు కొనాలన్నా నక్షత్రాలు చూసే కొంటున్నాం గదండీ, పుస్తకానికి మాత్రం ఎందుకొద్దు?" అని వారిలో పెద్దవాడు అడిగెను.

నేను వద్దంటిని. కారణము చెప్పుమనిరి. ఆ రాత్రి నేను చెప్పిన కారణము నాకే తృప్తి నియ్యలేదు. కనుక ఇప్పుడు కాగితముమీద పెట్టుచున్నాను. ఇది ఆ నలుగురికి జవాబు. మీ గ్రామములో ఎవరైన ఇట్టి పట్టిక ఇదివరకే వ్రేలాడదీసియున్నచో వారికిని జవాబే.

వారి పక్షమున చెప్పదగినది ముందుగా చెప్పెదను, లేనియెడల అది అన్యాయము. మనవారిలో అనేకులు ఏడాదికి ఒక్క పుస్తకము కొనుటే గొప్ప. ఆ ఒక్కటి పనికిమాలినదైనయెడల పోయినది కూలి డబ్బు. చేనిపని ముగించుకొని, అన్నము తిని, దీపము దగ్గర కూర్చుండువానికి మిగిలియుండునది అరగంట. ఆ అరగంటను ఏ పుస్తకమున కియ్యవలెనో ఎవరైన ముందు నడచినవారు చెప్పిన మేలుకాదా? మేలే. చదివినవాడు చదువబోవువానికి తన మాట చెప్పుట మంచి పని, ఒక విధముగా బాధ్యత కూడ. నా తగవు ఆ మాటతో కాదు. మాట చెప్పుట మాని అంకె వేయుటతోనే.

ఒక లెక్క చూడుడి. పదిమంది ఒక పుస్తకము చదివి అందరును మూడేసి నక్షత్రములు వేసిరి. సరాసరి మూడు. మరియొక పుస్తకమునకు పదిమందిలో అయిదుగురు అయిదేసి వేసిరి, తక్కిన అయిదుగురు ఒక్కొక్కటే వేసిరి. కూడి భాగించుడి, సరాసరి మూడే. పట్టికలో ఈ రెండు పుస్తకములు ప్రక్కప్రక్కన నిలుచును. కాని అవి రెండును ఒకే జాతి పుస్తకములా? మొదటిది ఎవరిని నొప్పింపక, ఎవరిని కదలింపక పోయినది. రెండవది భర్తను పోగొట్టుకొనిన స్త్రీ వ్రాసిన పుస్తకమనుకొనుడి. అయిదేసి వేసినవారు ఇంట చావు చూచినవారు, ఒక్కొక్కటి వేసినవారు ఇంకను పెండ్లికాని పడుచువాండ్రు. రేపు మన సంఘములో ఒక ఇల్లు చీకటియైనప్పుడు ఆ యింటివారికి కావలసిన పుస్తకము బీరువాలోనే యుండును. పట్టిక మాత్రము దాని నడిమి వరుసలో మూడు చుక్కల క్రింద దాచిపెట్టును.

ఇంకొక లెక్క. ఇద్దరు మాత్రమే చదివి ఇద్దరును అయిదు వేసిన పుస్తకము సరాసరి అయిదు. నలుబదిమంది చదువగా ముప్పదిమంది అయిదు, పదిమంది నాలుగు వేసిన పుస్తకము సరాసరి నాలుగు ముప్పాతిక. పట్టికలో ఏది పైన నుండును? ఇద్దరు చదివినదే. ఆ ఇద్దరు రచయిత బావమరదులై యుండవచ్చునని వేరుగ చెప్పనక్కరలేదు.

ఈ చుక్కలు పుస్తకముల కొరకు పుట్టినవి కావు. 1820లో మరియానా స్టార్క్ అను ఆంగ్ల స్త్రీ ఐరోపా ప్రయాణీకుల కొరకు ఒక పుస్తకము వ్రాసి, చూడదగిన చిత్రపటములకు వాటి గొప్పను బట్టి ఆశ్చర్యార్థకములు ఒకటి, రెండు, మూడు అని పెట్టెను. తరువాత జర్మనీ దేశపు బెడెకరు ప్రయాణ పుస్తకములలో నక్షత్రములు వచ్చినవి. 1915లో ఎడ్వర్డ్ ఓబ్రయన్ అను నతడు అమెరికా పత్రికలలోని కథల నేరి సంపుటముగ వేయుచు, కథలకు నక్షత్రములు పెట్టెను. సత్రమునకు నక్షత్రము పెట్టుడి, నేను అడ్డురాను. పరుపు శుభ్రమా, నల్లులున్నవా, నీళ్లు వేడిగా నిచ్చెదరా అను ప్రశ్నలకు ఎవరు బసచేసినను ఇంచుమించుగ ఒకే జవాబు వచ్చును. చెప్పుల సంగతియు అంతే. పుస్తకములో బసచేయువాడు తన దుఃఖమును, తన వయస్సును, తన చదువును వెంట తీసికొనిపోయి బసచేయును. నాకు ఇరువది యేండ్లప్పుడు నీరసముగ తోచిన పుస్తకమే అరువదిలో నన్ను నిద్రపోనియ్యలేదు. పుస్తకము మారలేదు. అప్పటి నా రెండు నక్షత్రములు అట్టమీద అంటుకొనియుండిన, ఆ పుస్తకమును నేనే మరల తీయకపోయెడివాడను.

మరియు మార్కు వేయుటలో ఒక పెత్తనము కలదు. పరీక్ష కాగితమునకు మార్కు వేయువాడు జవాబు ముందుగా తెలిసినవాడు. అతనియొద్ద జవాబుల పట్టిక యుండును. పుస్తకము తెరచినవానియొద్ద ఏ జవాబుల పట్టిక యున్నది? ఐతియొపీయుడైన నపుంసకుడు రథములో గ్రంథము చదువుచుండగా ఫిలిప్పు ప్రక్కన పరుగెత్తి ఆ గ్రంథ మెట్లున్నదని అడుగలేదు. అర్థమగుచున్నదా యని విచారించెను. చదువరి మొదట ఎదుర్కొనవలసిన ప్రశ్న అది. నక్షత్రము వేయువాడు ఆ ప్రశ్నను తప్పించుకొని పోవుచున్నాడు.

ఇంతవరకు ఇతరులను గూర్చి చెప్పితిని. ఇప్పుడు నా సంగతి చెప్పవలెను. ఇది నాకు సులభము కాదు.

సుమారు ఇరువది యేండ్ల క్రితము మా ప్రక్క గ్రామములో పనిచేసి విరమించిన ఒక బడిపంతులుగారు ఒక కథాపుస్తకము వ్రాసిరి. పాడిగేదెను అమ్మి 500 ప్రతులు అచ్చువేయించుకొనిరి. తండ్రి మాట వినక పొలము అమ్ముకొని పట్టణము పోయిన కొడుకు కథ అది. మా ప్రాంతపు సంఘములన్నియు కూడిన ఒక కూడికలో పంతులుగారు బల్లమీద ప్రతులు పేర్చి కూర్చుండిరి. చదివిన పుస్తకములనుగూర్చి నాలుగు మాటలు చెప్పుమని పెద్దలు నన్ను నిలువబెట్టిరి. నేను ఆ పుస్తకము మూడు దినముల ముందే చదివియుంటిని. అందులో కొడుకు తిరిగిరాడు. తండ్రి వీధి అరుగుమీద చీకటివైపు చూచుచు కూర్చుండును. అంతటితో 96వ పుట ముగియును. "ఇందులో నిరీక్షణ లేదు. ఇట్టి కథ విశ్వాసుల ఇండ్లలో నేల? పదింటికి మూడు మార్కులు వేసెదను, ఆ మూడును అచ్చు బాగున్నందుకు" అంటిని. జనులు నవ్విరి. నవ్వించితినని నేను సంతోషించితిని. ఆ దినము బల్లమీది కట్టలో రెండు ప్రతులు అమ్ముడైనవి.

ఆరేండ్ల తరువాత వేరొక గ్రామములో ఒక చావింట రాత్రి మేలుకొనియుండగా గూటిలో అదే పుస్తకము కనబడెను. నా దానికంటె కొంచెము మందముగ నుండెను. తెరచి చూచితిని. 96వ పుట తరువాత ఇంకను 16 పుటలు కలవు. అచ్చుపని తెలిసినవారికి వేరుగ చెప్పనక్కరలేదు, ఒక ఫారము. నేను చదివిన ప్రతిలో కుట్టువాడు ఆ ఫారమును వదలివేసెను. వాక్యము సరిగా 96వ పుట చివర చుక్కతో ముగిసినందున నాకు అనుమానము తోచలేదు. చివర సమాప్తము అను మాట లేకపోవుటను కూడ గమనింపని తొందర నాది. ఆ పదునారు పుటలలో ఏమున్నది? తండ్రి అరుగుమీదనుండి లేచును. కొడుకు రాకడకై కనిపెట్టుట మాని తానే బస్సెక్కి, అడ్రసు తెలియని పట్టణములో తొమ్మిది దినములు తిరిగి, ఒక హోటలు వెనుక గిన్నెలు తోముచున్న కొడుకు ప్రక్కన కూర్చుండి, తానును గిన్నె తీసికొనును. నేను నిరీక్షణ లేదని చెప్పిన పుస్తకమది!

పంతులుగారి ఇంటికి పోయితిని. ఆయన కోపపడలేదు. "అయ్యగారూ, మీ చేతికొచ్చిన ప్రతికి మీరేసిన మార్కు సరైందేనండి. కొన్నిటికి ఫారం పడలేదని నాకూ తరవాతే తెలిసింది. ఎన్నిటికి పడలేదో తెలీదు" అనిరి. మంచముక్రింది పెట్టె లాగి చూపిరి. మిగిలిన ప్రతులలో సగము చెదలు తినివేసినవి. రెండవ పుస్తకము వ్రాయుటకు మొదలుపెట్టి మానివేసితినని కూడ చెప్పిరి, ఎందుకు మానిరో చెప్పలేదు, నేను అడుగలేకపోయితిని.

ఇట్టిది లోకములో నాకొక్కనికే జరిగినది కాదు. 1851 అక్టోబరులో లండనులో హెర్మన్ మెల్విల్ అను అమెరికా రచయిత పుస్తకము "ది వేల్" అను పేరుతో వెలువడెను. మనము ఇప్పుడు "మోబీ డిక్" అని పిలుచునది అదే. తిమింగిలము ఓడను ముంచివేయగా కథ చెప్పువాడు ఒక్కడు ఏలాగు మిగిలెనో తెలుపు చివరి ఖండము లండను ముద్రణలో పడలేదు. అందరును మునిగిపోయినయెడల ఈ కథ చెప్పుచున్న దెవడని లండను విమర్శకులు కొందరు ఎకసక్కెమాడిరి. తప్పు రచయితది కాదు, అతని చివరి పుట వారికి చేరనే లేదు. మరుసటి నెల అమెరికాలో అచ్చయిన ప్రతులలో ఆ పుట యున్నను, లండను మాటలు సముద్రము దాటివచ్చి అక్కడను చెడుపు చేసెను. మెల్విల్ 1891లో చనిపోయెను. అతడు బ్రదికియుండగా అమెరికాలో ఆ పుస్తకము సుమారు 3,200 ప్రతులే అమ్ముడయినవి. దాని గొప్పను లోకము గుర్తించినది 1920 తరువాత.

పుట చేరనివాని సంగతి అది. పుట చేరియు చదువనివాడు ఇంకొకడు కలడు. 1818లో జాన్ కీట్సు అను యువకవి "ఎండిమియన్" అను నాలుగు భాగముల కావ్యము ప్రకటించెను. అప్పటికి అతనికి ఇరువదిరెండేండ్లు. "క్వార్టర్లీ రివ్యూ" అను గొప్ప పత్రికలో జాన్ విల్సన్ క్రోకర్ తన పేరు పెట్టకయే దానిని చీల్చివేసెను. నాలుగింటిలో మొదటి భాగముకంటె ముందుకు పోలేకపోయితినని ఆ వ్యాసములోనే ఒప్పుకొనెను. అతని యోగ్యతలో నేను మెచ్చునది ఆ ఒప్పుకోలు ఒక్కటే. మూడేండ్లు తిరుగకముందే కీట్సు రోము నగరములో చనిపోగా, విమర్శయే అతని చంపినదని స్నేహితులు చెప్పుకొనిరి. అది నిజము కాదు, అతని చంపినది క్షయ. నిజము కాని ఆ మాటను జనులు సులభముగా నమ్మిరనుట మాత్రము నిజము. నేటి నక్షత్రపు పట్టికలో క్రోకరు ఒప్పుకోలుకు చోటే లేదు. పావువంతు చదివినవాడును, మూడుసార్లు చదివినవాడును వేయునది ఒకే చుక్క.

యెహోయాకీము రాజును మీరెరుగుదురు. చలికాలపు నగరులో కుంపటి ముందు కూర్చుండి, యెహూది మూడు నాలుగు పుటలు చదువగనే చాకుతో కోసి నిప్పులో వేయుచు గ్రంథమంతయు కాల్చివేసెను. బారూకు దానిని మరల వ్రాసెను, అందులో లేనివి కూడ అనేకములు చేరెను. బారూకు దగ్గర చెప్పువాడు యిర్మీయా యుండెను గనుక అది జరిగెను. మా పంతులుగారి దగ్గర ఎవరుండిరి?

ఇప్పుడు మార్కుల పక్షమువారు మరియొక మాట చెప్పుదురు. ఒక్కరు తప్పు చేయవచ్చును గాని అనేకులు చేయరనియు, వందలమంది వేసిన మార్కులు నిజము చెప్పుననియు వారి నమ్మిక. దీనిని పరిశీలించినవారు కలరు. బాలాజ్ కొవాచ్, అమాండా షార్కీ అను ఇద్దరు పండితులు 64 ఆంగ్ల పుస్తకములమీద చదువరులు వ్రాసిన 38,000కు పైబడిన అభిప్రాయములను పరీక్షించి 2014లో ఫలితము ప్రకటించిరి. అందులో కొన్ని గొప్ప బహుమానములు పొందినవి, కొన్ని తుదివరకు పోటీలో నిలిచి పొందనివి. బహుమానము ప్రకటింపబడిన తరువాత గెలిచిన పుస్తకముల మార్కులు, ఓడినవాటికంటె ఎక్కువగా పడిపోయినవి! ఆశ్చర్యపడకుడి. బహుమానము వచ్చినదని విని, అట్టి పుస్తకము సహజముగా తీయనివారు తీసిరి. వారికి సరిపడలేదు. పుస్తకములో అక్షరము మారలేదు, చదువువారు మారిరి. కనుక ఆ అంకె కొలుచునది పుస్తకమును కాదు, దానియొద్దకు వచ్చిన గుంపును. మన పట్టికయు అంతే చేయును. పై వరుసలో నుంచిన పుస్తకమును అందరు తీయుదురు, తగనివారును తీయుదురు, అది క్రిందికి దిగును. అడుగు వరుసలోనిది ఎవరును తీయరు గనుక అచ్చటనే పడియుండును.

పేరు చూచి వేయు మార్కు ఒకటి కలదు. కేంబ్రిడ్జిలో రిచర్డ్సు అను ఆచార్యుడు కవుల పేర్లు తీసివేసి పదుమూడు పద్యముల నిచ్చి విద్యార్థుల అభిప్రాయములు వ్రాయించుకొనెను. దానిని 1929లో పుస్తకముగా వేసెను. పేరులేనప్పుడు గొప్పవారి పద్యములు కొన్ని చీవాట్లు తినెను, సామాన్యమైనవి కొన్ని మెప్పు పొందెను. పేరు లేకపోయినచో ఈలాగు. పేరున్నచో ఏమగునో మన గుఱ్ఱము జాషువాగారి నడుగవలెను. 1895లో వినుకొండలో పుట్టిన ఆ కవి పద్యము విని ఆహా యని, తరువాత కులమేదని అడిగి, తెలిసినవెంటనే లేచిపోయినవారిని గూర్చి ఆయనయే పద్యములో చెప్పుకొనెను. ఆ శ్రోతల చేతికి నక్షత్రపు కాగితమిచ్చినయెడల విన్నప్పుడు అయిదు వేసి, కులము తెలిసిన పిమ్మట చెరిపివేసియుందురు. 1941లో "గబ్బిలము" వచ్చినది, 1964లో "క్రీస్తు చరిత్ర"కు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము వచ్చినది. లేచిపోయినవారి పేర్లు ఎవరికిని తెలియవు. కారణము వ్రాయనక్కరలేని మార్కు ఇట్టి పనులకు ఎంతో అనుకూలము. పుస్తకము బాగులేదు గనుక ఒకటి వేసెనో, వ్రాసినవాని పేట నచ్చక వేసెనో చుక్క చెప్పదు. మన ఊళ్లలో ఇది ఊహమాత్రము కాదని మీకు తెలియును.

ఇంతవరకు చదివి, అయ్యగారు విమర్శయే వద్దనుచున్నారని పెద్దలు కొందరు సంతోషింతురేమో. వారితోను నాకు తగవు కలదు, బహుశః యువకులతో కంటె పెద్ద తగవు. మన సంఘములలో ఏ పుస్తకము చేతికిచ్చినను "ఆశీర్వాదకరముగా నున్నది" అనుట అలవాటైపోయినది. వ్రాసినవాడు చుట్టము, అచ్చువేయించినవాడు పెద్దమనిషి, పంచినవాడు అతిథి. కనుక అన్నియు ఆశీర్వాదకరములే. ఇదియు మార్కే, చదువకయే అందరికిని వేసిన అయిదు నక్షత్రములు.

దాని ఫలము చూచితిని. కొన్ని యేండ్ల క్రితము 24 పుటల చిన్న పుస్తకమొకటి మా ప్రాంతములో ఉచితముగా పంచిరి. స్వస్థతను గూర్చినది. నేను చదివితిని. నిజమైన విశ్వాసము గలవానికి మాత్రలతో పనిలేదని 14వ పుటలో నుండెను. అది నాకు సరిపడలేదు. కాని పంచినవారు గౌరవనీయులు, పైగా భోజనము పెట్టిరి. ఎట్లున్నదని అడిగినవారికి బాగున్నదంటిని. మా సంఘములోని ఒక తల్లి ఆ పుస్తకమును దిండుక్రింద పెట్టుకొని, క్షయకు తీసికొనుచున్న మాత్రలు రెండవ నెలలోనే మానివేసెను. ఆ మందులు తక్కువలో తక్కువ ఆరునెలలు విడువక మ్రింగవలసినవి. నడుమ మానినయెడల రోగము మందునకు లొంగకుండ మొండికెత్తవచ్చును. ఆరోగ్య కార్యకర్త యింటికి వచ్చి పట్టుబట్టి మరల మొదలుపెట్టించినది గనుక ఆమె నేడు బ్రదికియున్నది. "మీరు బాగుందన్నారు గదండీ" అని ఆమె నన్నడిగినప్పుడు ఆ 14వ పుట నా కన్నులముందు నిలిచినది. ఆ పుటను గూర్చి ఒక్క వాక్యము నేను చెప్పియుండిన చాలును. నేను ఒక్క నక్షత్రము వేసియుండినను ఆమెకు ఉపయోగము లేదు, ఎందుకు ఒకటియో ఆమెకు తెలియదు గదా.

బెరయవారిని ఘనులని చెప్పినది వారు పౌలు చెప్పినదానిని ఊరక మెచ్చుకొనినందుకు కాదు, ఆలాగున్నవో లేవో అని దినదినము పరిశోధించినందుకు. అపొస్తలుని మాటనే పరిశోధించిన వారుండగా, మన ఊరి కరపత్రమును పరిశోధించుట అవిధేయత యెట్లగును?

నేను కోరునది చాల చిన్నది. పట్టికకు బదులు బీరువాలో ఒక నోటుబుక్కు. చదివినవాడు తనకు తోచినన్ని మాటలు వ్రాయవలెను, అంకె వేయరాదు. ఎంతవరకు చదివెనో మొదట చెప్పవలెను. సగములో ఆపినవాడు సగములో ఆపితినని వ్రాయుటకు సిగ్గుపడనక్కరలేదు, ఏ పుటలో ఆపెనో వ్రాసినయెడల అది మరియొకనికి దారిచూపును. అక్షరము పెద్దదా చిన్నదా చెప్పవలెను. నవ్వకుడి, మా సంఘములో చదువ నేర్చినవారిలో సగముమంది అరువది దాటినవారు, కండ్లజోడు అందరికిని లేదు. అద్భుతమైన పుస్తకము చీమతలకాయలంత అక్షరములలో నున్నయెడల వారికి అది మూసిన పుస్తకమే. తెలుగు మన నోట పలుకునట్లున్నదా, నిఘంటువు కావలసినట్లున్నదా? పైకి చదివి వినిపించుటకు అనువా? పుటలు సరిగా నున్నవా, చివరి పుట యున్నదా? ఈ చివరి ప్రశ్నను నేను మరువను. తప్పు కనబడినయెడల ఫలాని పుటలో ఫలాని మాట అని వేలుపెట్టి చూపవలెను. క్రింద పేరు వ్రాయవలెను. పేరు పెట్టుటకు ఇష్టములేని మాట బీరువా దగ్గర చెప్పకూడదు.

ఇది ఆలస్యమగును, ఎవరు వ్రాసెదరు, అని యువకులు మరల అడుగుదురు. తక్కువమందియే వ్రాయుదురు, నేనెరుగుదును. 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణా కాలువమీద పడవలో పుస్తకములు వేసికొని ఊరూరి గట్టున ఆపించిన దినములలో, అక్షరము వచ్చినవారే తక్కువ. పుస్తకములు ఏవి తీయవలెనో అంకెలు చెప్పకపోయినను జనులు తీసికొనిరి, చదివిరి, ఆ కాలువగట్ల ఊళ్లనుండియే ఎందరో చదువరులు లేచిరి. నోటుబుక్కులో పదిమంది వ్రాసినను, ఆ పది మాటలు వందమంది చుక్కలకంటె నాకు ఎక్కువ.

వ్రాయలేనివారి సంగతి యేమందురా? మా సంఘములో ఒక మామ్మగారున్నారు. ఆమెకు చదువు రాదు. మనుమరాలు బడినుండి వచ్చి రాత్రులు చదివి వినిపించును. నోటుబుక్కు మాట చెప్పినప్పుడు, "నాకు అక్షరాలు కనపడవయ్యా, కథ కనపడుద్ది. నా మాట కూడా రాయిస్తారా?" అని యడిగెను. రాయించెదనంటిని. పోయిన శనివారము ఒక బైండు పుస్తకము కొని, గీతలు గీసి, మొదటి పుటలో నా మాట నేనే వ్రాసితిని: "ఈ కథ 96వ పుటవరకు చదివి, తప్పుగా మాటలాడితిని. మన ప్రతిలో చివరి ఫారము లేదు. సరియైన ప్రతి పంతులుగారి కుమార్తె ఇంట నున్నది, అడిగినచో ఇచ్చును. అక్షరము పెద్దది. పైకి చదువుటకు బాగుండును."

ఆ ప్రతిని తెప్పించి మనుమరాలికిచ్చితిని. రెండు రాత్రులలో ముగించిరట. రెండవ పుటలో ఆ పిల్ల చేతివ్రాతలో మామ్మగారి మాట యున్నది: "అంతా విన్నాను. ఆ తండ్రి గిన్నె తీసుకున్న కాడ పిల్లని ఆపమన్నాను. మళ్లీ చదివించుకున్నాను. బస్సులో తొమ్మిది రోజులని రాశారు గాని, తిండి ఏం తిన్నాడో రాయలేదు. అది రాయాల్సింది."

పంతులుగారు ఇప్పుడు లేరు. ఉండినయెడల ఆ చివరి మాటకు జవాబు చెప్పుకొనవలసివచ్చెడిది. యువజనులారా, వచ్చే బుధవారము రాత్రి ఎనిమిది గంటలకు మీ కాగితములు, జిగురు తీసికొని రండి. నేను ఈ బుక్కు తెచ్చెదను. మామ్మగారిని కూడ తీసికొనివచ్చెదను.